చుక్కకు చిరునామా: మన డాబా మీద నుంచి ఆకాశాన్ని కొలవడం ఎలా

ఫిబ్రవరి నెలలో రాత్రి తొమ్మిది గంటలప్పుడు శ్రీకాకుళంలో ఏ డాబా ఎక్కి దక్షిణం వైపు తిరిగినా రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. పైన తెల్లగా మిలమిలలాడేది సిరియస్. దానికి చాలా కింద, కొబ్బరి చెట్ల తలల మీద నిలకడగా వెలిగేది అగస్త్య నక్షత్రం. ఒకసారి నేను చెక్కముక్క పట్టుకుని వాటి వైపు గురిచూస్తుంటే పక్కింటి పెద్దాయన అడిగారు: "ఏటి మాస్టారూ, చుక్కలకి కూడా కొలతలుంటాయేటి?"

ఉంటాయి. పెద్ద అబ్జర్వేటరీలో కొలిచే పద్ధతికీ, మనం దారం, నట్టు, దర్జీ టేపుతో కొలిచే పద్ధతికీ మూలం ఒకటే. ఆ పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను. చదివి ఊరుకోకుండా చేసి చూస్తారని నా ఆశ.

చిరునామా అంటే రెండు అంకెలు

భూమి మీద ఊరి చోటు చెప్పడానికి అక్షాంశం, రేఖాంశం చాలు. శ్రీకాకుళానిది 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆకాశాన్ని మన మీద బోర్లించిన గిన్నె అనుకుంటే, దాని లోపలి వైపున్న చుక్క చోటుకు కూడా రెండే కోణాలు కావాలి. అది ఎంత దూరంలో ఉందో తెలియాల్సిన పని లేదు.

మొదటి జత మన కంటికి నేరుగా దొరుకుతుంది. చుక్క నేల అంచు నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో అది ఉన్నతి. ఉత్తరం నుంచి తూర్పు మీదుగా ఎన్ని డిగ్రీలు తిరిగితే ఆ చుక్క వైపు వస్తామో అది దిగంశ. ఈ జత నిమిషానికోసారి మారిపోతుంది, విజయనగరంలో ఒకలా, ఇచ్ఛాపురంలో ఒకలా ఉంటుంది. నిన్న రాత్రి నేను కొలిచిన ఉన్నతి ఈ రాత్రి మీకు పనికిరాదు.

అందుకే రెండో జత. భూమధ్యరేఖను ఆకాశం దాకా సాగదీస్తే ఒక వలయం వస్తుంది, దాని పేరు విషువద్వృత్తం. ఆ వలయానికి చుక్క ఎంత ఉత్తరంగా లేదా దక్షిణంగా ఉందో అది క్రాంతి. ఆ వలయం మీద, వసంతంలో సూర్యుడు దాన్ని దాటే చోటు (వసంత బిందువు) నుంచి తూర్పుగా ఎంత దూరంలో ఉందో అది విషువాంశ. విషువాంశను గంటల్లో చెప్పడం ఆనవాయితీ, ఎందుకంటే ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన పాత లెక్కలో ఘడియకు 6 డిగ్రీలు. ఈ జత చుక్కకే అంటిపెట్టుకుని దానితో పాటే తిరుగుతుంది కాబట్టి ఏ ఊరివాళ్ళకైనా పనికొస్తుంది.

మొదటి జతను కొలిచి, గడియారం సాయంతో రెండో జతలోకి మార్చాలి. చేయబోయే పని ఇంతే.

ముందు చెయ్యి చాచండి

చేతిని పూర్తిగా చాచి ఒక కన్ను మూసి చూడండి. చిటికెన వేలు వెడల్పు దాదాపు 1 డిగ్రీ, మూడు నడిమి వేళ్ళు 5, పిడికిలి 10, బాగా చాపిన జాన 20కి కాస్త పైన. పిల్లల వేళ్ళు సన్నం, చేతులు పొట్టి, అందుకే వాళ్ళకూ ఇంచుమించు ఇదే లెక్క సరిపోతుంది. మీ చెయ్యి సరిచూసుకోవాలంటే సప్తర్షి మండలంలో ధ్రువుణ్ణి చూపించే రెండు చుక్కల మధ్యకు మూడు వేళ్ళు పెట్టండి. వాటి మధ్య దూరం 5.4 డిగ్రీలు. చందమామ అర డిగ్రీ మాత్రమే. చాలామంది నమ్మరు, చిటికెన వేలితో కప్పి చూశాక నమ్ముతారు.

ఇలాంటి సాధనాలతో ఏం సాధించగలమన్న అనుమానం వస్తే మన పొరుగునే జవాబుంది. ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన సామంత చంద్రశేఖర్ (1835–1904) టెలిస్కోపు లేకుండా, చెక్కపుల్లలతో చేసుకున్న 'మానయంత్రం' లాంటి పరికరాలతో గ్రహాల గమనాలను ఏళ్ళ తరబడి కొలిచి పంచాంగం లెక్కలు సరిదిద్దారు. ఇటు విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే తన ఇంట్లో అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్ళడాన్ని గమనించారు. ఉత్తరాంధ్రకు ఈ విద్య కొత్త కాదు.

ఉత్తరం గీత గీయడం

ఫోన్ కంపాస్‌ను నమ్మకండి. డాబా శ్లాబులో ఇనప చువ్వలుంటాయి, పక్కన నీళ్ళ ట్యాంకు స్టాండు ఉంటుంది. ముల్లు ఎటు తిరుగుతుందో చెప్పలేం. మన పూర్వులు వాడిన శంకువే, అంటే నీడ చూసే నిటారు కర్రే, మేలు.

50 సెంటీమీటర్ల నిటారు కర్రను చదునైన చోట నిలబెట్టండి. చదునుగా ఉందో లేదో తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి చూడండి. కర్ర అడుగును కేంద్రం చేసుకుని 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం, 70 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం సుద్దముక్కతో గీయండి. ఉదయం పొడుగ్గా ఉన్న నీడ తగ్గుతూ వస్తుంది. నీడ కొస వృత్తాన్ని తాకగానే ఒక చుక్క పెట్టండి. మధ్యాహ్నం తరవాత నీడ మళ్ళీ పెరిగి అదే వృత్తాన్ని ఇటువైపు తాకుతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కల్నీ కలిపే గీత తూర్పు–పడమర. దాని మధ్య నుంచి కర్ర అడుగుకు గీసిన గీత ఉత్తరం–దక్షిణం. రెండో వృత్తంతో కూడా చేస్తే మొదటిది సరిగ్గా వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

ఈ పనికి డిసెంబరు, జనవరి మంచివి. ఆ రోజుల్లో సూర్యుడి క్రాంతి పొద్దుట్నుంచి సాయంత్రానికి పెద్దగా మారదు. మే, జులైలలో పెట్టుకోకండి. మే 13 ప్రాంతంలో, మళ్ళీ జులై 30–31 ప్రాంతంలో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, కర్రకు నీడే పడదు.

ఇంకో మాట. నీడ ఉత్తరం గీత మీదికి వచ్చేది గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి తూర్పున ఉన్నాం. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున శ్రీకాకుళంలో సగటున 11:54కే మిట్టమధ్యాహ్నం అవుతుంది. అది సగటే. భూమి కక్ష్య సరైన వృత్తం కాకపోవడం, భూమి ఇరుసు ఒరిగి ఉండడం వల్ల ఫిబ్రవరి రెండో వారంలో 12:08 దాటుతుంది, నవంబరు మొదట్లో 11:38కే అయిపోతుంది.

తూర్పు గీత వచ్చాక అరసవల్లి గుర్తు చేసుకోండి. మార్చి 9 నుంచి 11 దాకా, అక్టోబరు 1 నుంచి 3 దాకా ఉదయపు కిరణాలు సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయని జిల్లాలో తెలియనివారుండరు. ఆ తేదీలే ఎందుకు? డిసెంబరు 21 నుంచి 80 రోజులు వెనక్కి వెళ్తే అక్టోబరు 2. 79 రోజులు ముందుకు వెళ్తే మార్చి 10. దక్షిణానికి వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి సూర్యుడు దాదాపు ఒకే క్రాంతి దగ్గర ఉంటాడు, విషువద్వృత్తానికి సుమారు 4 డిగ్రీల దక్షిణాన. క్రాంతి ఒకటే అయితే ఉదయించే చోటూ ఒకటే: సరైన తూర్పు నుంచి నాలుగు చిటికెన వేళ్ళ వెడల్పు కుడివైపు. వెలుగు లోపలికి వచ్చే దారి ఒక క్రాంతికి గురిపెట్టినట్టు కుదిరిందన్నమాట. నేను ఈ లెక్క వేసుకున్న రోజు నుంచి ఆ గుడి ముందు నిలబడితే భక్తితో పాటు ఇంకో రకం ఆనందం కూడా కలుగుతుంది.

57.3 సెంటీమీటర్ల రహస్యం

స్కూలు పెట్టెలోని కోణమానిని చిన్నది, అందులో ఒక డిగ్రీ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పెద్దది మనమే చేసుకుందాం.

60 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క తీసుకోండి. ఒక మూలను కేంద్రం చేసుకుని 57.3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో పావు వృత్తం గీసి కోయించండి. ఈ అంకె ఎందుకంటే, ఈ వ్యాసార్ధానికి చాపం మీద సరిగ్గా 1 సెంటీమీటరు 1 డిగ్రీ అవుతుంది. దర్జీ టేపును చాపం వెంట 0 నుంచి 90 దాకా అంటిస్తే చాలు, డిగ్రీల స్కేలు తయారు. ఒక మిల్లీమీటరు అంటే డిగ్రీలో పదోవంతు, అంటే 6 కళలు. డిగ్రీకి 60 కళలు, కళకు 60 వికళలు, మున్ముందు ఈ మాటలు అవసరమవుతాయి.

కేంద్రం మూలలో చిన్న మేకు కొట్టి సన్నని దారం కట్టి, దాని చివర ఒక బరువైన నట్టు వేలాడదీయండి. టేపులో 90 ఉన్న అంచు వెంట ఒక స్ట్రా అంటించండి. అదే చూపు గొట్టం. మేకున్న మూల చుక్క వైపు, చాపం ఉన్న కొస మీ కంటి వైపు ఉండాలి. చెక్కను అడ్డంగా పట్టుకుంటే దారం 0 మీద పడుతుంది, నిటారుగా ఎత్తితే 90 మీద పడుతుంది. మధ్యలో పడిన అంకె ఏదైతే అదే ఉన్నతి.

పిల్లలతో చేయిస్తే ఒక్క నియమం గట్టిగా చెప్పండి: ఈ గొట్టంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. కన్ను పోతుంది.

సున్నా సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం చాలామంది వదిలేసే పని. మనకు దానికి సముద్రం ఉంది. కళింగపట్నమో బారువో వెళ్ళినప్పుడు చెక్క పట్టుకెళ్ళి, నీరూ ఆకాశమూ కలిసే గీతకు గురిపెట్టండి. దారం 0 మీద పడాలి. 0.4 మీద పడితే మీ స్ట్రా అంత వంకరగా అంటిందని అర్థం. దాన్ని మళ్ళీ పీకి అంటించనక్కర్లేదు, ప్రతి కొలత నుంచీ 0.4 తీసేస్తే సరి. పెద్ద అబ్జర్వేటరీల్లోనూ ఇదే చేస్తారు: పరికరంలో తప్పు ఎంతో కొలిచి రాసుకుని లెక్కలో తీసేస్తారు. గాలికి నట్టు ఊగుతుంటే దాన్ని మగ్గులోని నీళ్ళలో మునిగేలా వేలాడదీయండి, స్థిమితపడుతుంది.

ధ్రువుడి నుంచి మన అక్షాంశం

ఏ కొలతైనా అయిదుసార్లు తీసుకుని సగటు చూడండి. ఉదాహరణకు ధ్రువ నక్షత్రానికి 18.4, 18.9, 18.6, 18.2, 18.7 వచ్చాయనుకోండి. సగటు 18.56. అంకెలు అటూ ఇటూ 0.4 దాకా చెదిరాయి కాబట్టి నోటుబుక్కులో '18.6, తేడా 0.4' అని రాయండి. తేడా రాయని కొలతను నేను కొలతగా ఒప్పుకోను.

ఆకాశం ఏ బిందువు చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ ఉత్తర ధ్రువ బిందువు ఉన్నతి మన అక్షాంశానికి సమానం. ధ్రువ నక్షత్రం ఆ బిందువుకు 0.6 డిగ్రీల దూరంలో చిన్న వలయం తిరుగుతుంది, అందుకని శ్రీకాకుళంలో 17.7కీ 18.9కీ మధ్య ఎక్కడైనా కనిపించవచ్చు. జనవరిలో చీకటి పడగానే ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి కొలిచి సగటు తీస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

సెలవుల్లో ఇచ్ఛాపురం వెళ్ళే పని ఉంటే చెక్క మర్చిపోకండి. అక్కడ అక్షాంశం 19.1. ధ్రువుడు మన దగ్గర కంటే 0.8 డిగ్రీలు, టేపు మీద 8 మిల్లీమీటర్లు, పైకి లేచి కనిపిస్తాడు. ఒక డిగ్రీ అక్షాంశానికి 111 కిలోమీటర్లు. ఉత్తరానికి ఎంత దూరం వెళ్ళామో, చుక్క ఎంత లేచిందో తెలిస్తే భూమి చుట్టుకొలత లెక్క కట్టేయవచ్చు.

రెండు దారాలు, ఒక గడియారం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. ఉత్తరం–దక్షిణం గీత మీద రెండు వెదురు బొంగులు అడ్డంగా ఎత్తుగా కట్టి, ఒక్కోదాని నుంచి ఒక తెల్లదారం బరువుతో వేలాడదీయండి. రెండు దారాలూ గీత మీదే పడాలి. గీత ఉత్తరపు కొస దగ్గర నేల మీద కూర్చుని, రెండు దారాలూ ఒకటిగా కనిపించేలా కన్ను పెట్టండి. చుక్క ఆ దారాల వెనక్కి వచ్చిన క్షణాన్ని ఫోన్ గడియారంలో సెకన్లతో సహా రాయండి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఉంటే దారం కనిపిస్తుంది, కంటికి చీకటి అలవాటు చెడదు. మద్రాసు అబ్జర్వేటరీలో టెలిస్కోపు గొట్టం లోపల దారాల మీదుగా చుక్క దాటే క్షణాన్ని పట్టుకున్నదీ ఇదే సూత్రంతో.

ఫిబ్రవరి మధ్యలో సుమారు 8:38కి అగస్త్యుడు దారం దాటుతాడు, దాదాపు 22 నిమిషాల తరవాత సిరియస్ దాటుతుంది. ఈ వ్యవధి ఆ రెండింటి విషువాంశల తేడా. సిరియస్ విషువాంశ 6 గంటల 46 నిమిషాలు కాబట్టి అగస్త్యుడిది 6 గంటల 24 నిమిషాలు. ఒక్క చుక్క విషువాంశ తెలిస్తే చాలు, మిగతావన్నీ గడియారమే చెబుతుంది. పది సెకన్ల తేడాతో పట్టుకోగలిగితే బాగా చేసినట్టే.

దారం దాటే ఆ క్షణంలోనే ఉన్నతి కూడా కొలవండి. అక్కడ క్రాంతి లెక్క చాలా తేలిక. మన దగ్గర విషువద్వృత్తం దక్షిణాన 90 − 18.3 = 71.7 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సిరియస్ 55.0 దగ్గర దాటింది. 55.0 − 71.7 = −16.7, అదే దాని క్రాంతి (మైనస్ అంటే దక్షిణం). అగస్త్యుడు 19.0 దగ్గర దాటాడు, క్రాంతి −52.7. ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు ఇద్దరూ ఇంచుమించు ఒకే ఎత్తులో నిలబడే ఊరు మనది. వేసవి రాత్రుల్లో స్వాతిని కూడా కొలవండి. క్రాంతి 19, అంటే మన నడినెత్తికి ఒక డిగ్రీ కూడా తేడా లేకుండా వెళ్తుంది.

కొలిచాక దిద్దాల్సినవి

గాలి వెలుతురును వంచుతుంది, చుక్క ఉన్నచోటు కంటే పైన కనిపిస్తుంది. 45 డిగ్రీల ఎత్తులో ఈ తేడా 1 కళ, అగస్త్యుడి ఎత్తులో దాదాపు 3 కళలు, నేల అంచున 34 కళలు. సముద్రం మీద సూర్యుడి కింది అంచు నీటిని తాకుతున్నట్టు కనిపించే వేళకు నిజంగా సూర్యబింబం మొత్తం అప్పటికే గీతకు దిగువన ఉంటుంది. మన చెక్కకు 3 కళలు అర మిల్లీమీటరే కాబట్టి పట్టించుకోకపోయినా ఫరవాలేదు.

రెండోది ఇంకా లోతైనది. భూమి ఇరుసు నెమ్మదిగా బొంగరంలా తిరుగుతుంది, వసంత బిందువు ఏడాదికి 50.3 వికళలు, అంటే 72 ఏళ్ళకు ఒక డిగ్రీ, పడమరకు జరుగుతుంది. ఈ జరుగుబాటు మన పండుగల్లోనే ఉంది. సూర్యుడు దక్షిణపు చివర నుంచి మళ్ళేది డిసెంబరు 21–22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14–15 తేదీల్లో. సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ జరుగుతాడు కాబట్టి మధ్యలోని ఆ 24 రోజులే పంచాంగంలో అయనాంశగా కనిపించే దాదాపు 24 డిగ్రీలు. సంక్రాంతిని చుక్కల నుంచి లెక్కిస్తాం, ఉత్తరం వైపు మళ్ళడాన్ని వసంత బిందువు నుంచి లెక్కిస్తాం. అందుకే చుక్కల పట్టికల్లో ప్రతి విషువాంశ పక్కనా ఏ సంవత్సరానికి చెందినదో రాస్తారు, ఎక్కువగా 2000. ఏడాది లేని స్థానం, పిన్‌కోడ్ లేని చిరునామా.

ఫోటోతో కొలవడం

కెమెరా ఉన్నవాళ్ళకు దారి ఇంకా సులువు. 50 మిల్లీమీటర్ల లెన్సు, 4 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరాలో ఒక పిక్సెల్ 16.5 వికళలు (206 × 4 ÷ 50). విషువద్వృత్తం దగ్గర చుక్క సెకనుకు 15 వికళలు కదులుతుంది, అందుకే షట్టర్ రెండు మూడు సెకన్లకు మించితే చుక్క గీతలా సాగుతుంది. ఆ ఫోటోను ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే వెబ్‌సైటులో పెడితే, అది నాలుగేసి చుక్కల ఆకారాలను తన పట్టికలతో పోల్చి ఫోటో మధ్య బిందువు విషువాంశ, క్రాంతి చెప్పేస్తుంది. తెలిసిన చుక్కలు మేకుల్లా నిలబడతాయి, వాటి మధ్య మీకు తెలియని చుక్క స్థానాన్ని పిక్సెళ్ళు లెక్కబెట్టి తీయవచ్చు. వెలుతురు ఎక్కువ ఎక్కడుందో చూసి చుక్క మధ్యను పిక్సెల్‌లో పదోవంతు దాకా పట్టుకుంటే తేడా 2 వికళల లోపే. మన చెక్క కంటే రెండు వందల రెట్లు మెరుగు.

హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో ఈ పనే గాజు పలకల మీద చేశారు. 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ఆకాశ పటంలో వాళ్ళ వంతుగా దక్షిణ క్రాంతి 17 నుంచి 23 దాకా పట్టీ వచ్చింది. పలక మీద ఒక మిల్లీమీటరు ఒక కళ. మైక్రోస్కోపు కింద ఒక్కో చుక్కనూ చేత్తో కొలిచి, లక్షల చుక్కల పట్టికలు అచ్చువేశారు.

ఇక అంతరిక్షం. 1989 నుంచి 1993 దాకా హిప్పార్కస్ ఉపగ్రహం 1,18,218 చుక్కల్ని కొలిచింది. 2013లో వెళ్ళిన గాయా 2025 జనవరి దాకా కొలుస్తూనే ఉంది, 2022లో ఇచ్చిన పట్టికలోనే సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. ప్రకాశవంతమైన చుక్కలకు దాని తేడా వికళలో యాభై వేల వంతుల్లో ఒకటికి, అంటే ఇరవై మైక్రో వికళలకు, దగ్గరగా ఉంటుంది. చంద్రుడి మీద ఒక నిమ్మకాయ పెడితే ఇక్కడి నుంచి దాని వెడల్పు అంత. ఇంత సన్నగా కొలిస్తేనే భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు చుక్క అటూ ఇటూ జరగడం తెలిసి, దూరం బయటపడుతుంది. ఆ జరుగుబాటును 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ మొదటిసారి ఒక చుక్కకు కొలిచి ప్రకటించినప్పుడు వచ్చింది వికళలో మూడో వంతే.

మీ నోటుబుక్కులో ఆరు నిలువు గడులు చాలు: తేదీ, చుక్క పేరు, దారం దాటిన సమయం, అయిదు ఉన్నతుల సగటు, తేడా, ఆ రాత్రి గాలీ మబ్బూ ఎలా ఉన్నాయో. బొంగులూ దారాలూ విప్పేయకండి. చుక్క రోజూ దాదాపు 4 నిమిషాలు ముందుగా వస్తుంది, అందుకే నెల తరవాత సిరియస్‌ను పట్టుకోవాలంటే తొమ్మిదికి కాదు, ఏడింటికే డాబా ఎక్కాలి.